నీకు గుడ్డు పడదు

పదహారేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా నన్ను నేను గొప్ప చేసుకోవడమే. బరువు మోసేవాళ్ళకు మెడ నొప్పి పుడుతుంది, నడుము వంగుతుంది. నాకేమైంది? ఏమీ కాలేదు. తిన్నాను, తిరిగాను, పెళ్ళిళ్ళకు పోయి నవ్వుతూ ఫోటోలు దిగాను. బరువంతా నా కూతురి మీద పెట్టి నేను ఒట్టి చేతులతో నడిచాను.

నిజానికి నేను చేసినవి రెండు తప్పులు. మొదటిదాన్ని మూడు నెలల కిందట నా కూతురికి చెప్పేశాను. రెండోది చెప్పలేదు. ఆ రెండోదాని కోసమే ఇదంతా రాస్తున్నాను. మొదటిది చెప్పకపోతే రెండోది అర్థం కాదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. మాది ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. పదో తరగతి దాకా చదివాను కాబట్టి రాయడం వచ్చు. ఒక్కమాట ముందే చెబుతున్నాను. నా మీద జాలి పడొద్దు. ఇన్నాళ్ళూ నా మీద జాలి పడినవాళ్ళందరి మీదా నాకిప్పుడు కోపంగా ఉంది. అది వాళ్ళ తప్పు కాదు, నాదే. అయినా కోపం కోపమే.

మేము దూదేకులవాళ్ళం. మా ఆయన పరుపులు కుట్టేవాడు. పాత పరుపు విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టివ్వడం ఆయన పని. మోపెడు మీద కొడవలూరు దాకా పల్లెలన్నీ తిరిగేవాడు. కానీ అప్పటికే అంగళ్ళలో స్పాంజి పరుపులు వచ్చేశాయి. పెళ్ళికి పరుపు కుట్టించుకునే వాళ్ళు తగ్గిపోయారు. పాతవి బాగు చేయించుకునే ముసలివాళ్ళే మిగిలారు. వాళ్ళు బేరాలాడేవాళ్ళు.

శనివారం సాయంత్రం ఆయన నా చేతిలో పెట్టిందే ఆ వారానికి. ఆదివారం పొద్దున నేను అంగడికి పోయేదాన్ని. బియ్యానికి ఇబ్బంది లేదు, స్టోరు బియ్యం ఉండేవి. తక్కినదంతా ఆ డబ్బులోనే రావాలి. అరలీటరు నూనె ప్యాకెట్టు, కందిపప్పు, చింతపండు, ఉల్లిపాయలు, ఆ వారం ఏది చవగ్గా ఉంటే ఆ కూరగాయ. మైపాడు నుంచి గంప పెట్టుకుని వచ్చే ఆమె దగ్గర రెండు గుప్పెళ్ళు ఎండు నెత్తళ్ళు. ఆరు కోడిగుడ్లు. నూనెను ప్యాకెట్టు నుంచి సీసాలో పోసి, సీసా మూతతో కొలిచి వాడేదాన్ని. బుధవారానికి కూరగాయలు అయిపోయేవి. గురువారం, శుక్రవారం పులుసే. ఆ పులుసులో ఉల్లిపాయ ముక్కలు ఎవరి కంచంలోకి పోతున్నాయో పిల్లలు చూసేవాళ్ళు. నేనూ చూసేదాన్ని.

గుడ్లు ఆరే. ఇంట్లో నలుగురం. మా ఆయన, నేను, ఆరేళ్ళ రేష్మా, నాలుగేళ్ళ బాజీ.

మా ఆయనకు మూడు. బాజీకి రెండు. రేష్మాకు ఒకటి. ఈ పంపకం నేను చేసిందే. ఇలా చెయ్యమని మా అత్త చెప్పలేదు, అప్పటికామె లేదు. మా ఆయనా చెప్పలేదు. మగమనిషి, ఎండలో తిరిగి కష్టం చేసేవాడు, ఆయనకు మూడు. సరే. మరి బాజీకి రెండెందుకు? వాడు జబ్బు పిల్లవాడు కాదు, సన్నగానూ లేడు, గుండ్రాయిలా ఉండేవాడు. ఎందుకు వాడికి రెండు, దానికి ఒకటి? కారణం కోసం చాలాసార్లు వెతికాను. వాడు మగపిల్లవాడు, అది ఆడపిల్ల. అంతే. అంతకు మించి ఎంత తవ్వినా ఏమీ దొరకలేదు.

నాకు గుడ్డు లేదు. అది కూడా నేను పెట్టిన లెక్కే. అది గుర్తు పెట్టుకోండి.

మొదట్లో సమానంగా చేద్దామని చూడకపోలేదు. పరుపు కుట్టే దారం ఉడికిన గుడ్డు చుట్టూ వేసి లాగితే రెండు సగాలు చక్కగా తెగుతాయి. ఒక సగం వాడికి, ఒక సగం దానికి. కానీ బాజీ ఏడ్చేవాడు. వాడు ఏడిస్తే వాడికి ఇంకొంచెం పెట్టేదాన్ని. రేష్మా ఏడిస్తే తిట్టేదాన్ని. "నువ్వు పెద్దదానివి గదా" అనేదాన్ని. ఆరేళ్ళకు పెద్దది!

అది ఊరుకునే పిల్ల కాదు. బాగా గమనించేది. "తమ్ముడికి మొన్నా పెట్టినావు, ఇయ్యాల గూడా పెట్టినావు. నాకు ఆదివారం ఒక్కసారే. ఎందుకు?" అని అడిగేది. గట్టిగా, పక్కింటివాళ్ళకు వినబడేలా. ఆ "ఎందుకు" అంటే నాకు ఒళ్ళు మండిపోయేది. దానికి సమాధానం నా దగ్గర ఉంది, చెప్పలేను. అందుకే మంట. ఒకరోజు చెంప మీద కొట్టాను. అది ఏడవలేదు. కంచంలో చెయ్యి పెట్టుకుని నా వైపే చూసింది. ఆ చూపు తట్టుకోలేక మళ్ళీ కొట్టాను.

ఆ వేసవిలో దాని ఒళ్ళంతా దద్దులు లేచాయి. ఎవరిదో పాత పరుపు విప్పి వసారాలో దూది కుప్ప పోశాడు మా ఆయన. ఏళ్ళ తరబడి దుమ్ము పట్టిన దూది. మధ్యాహ్నం రేష్మా ఆ కుప్ప మీద పడుకుని నిద్రపోయింది. లేచేసరికి చేతులు, మెడ, వీపు ఎర్రగా పొంగి ఉన్నాయి. అది దూది దుమ్మని నాకు చూడగానే తెలిసింది. పరుపుల ఇంట్లో అది ఎవరికి తెలియదు? మా ఆయనకు చిన్నప్పుడు ఇవే దద్దులు వచ్చేవట. ఊళ్ళో సూదులు వేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మాత్రలిచ్చి, ఏం తిన్నదని అడిగాడు. ఆరోజు ఆదివారం. గుడ్డు కూర అన్నాను. "ఓ రెండు రోజులు గుడ్డు ఆపమ్మా, చూద్దాం" అన్నాడు.

రెండు రోజులు. ఆయన అన్నది ఆ మాటే.

మూడు రోజులకు దద్దులు పోయాయి. నాలుగోరోజు సాయంత్రం బాజీ కంచంలో గుడ్డు వేశాను. రేష్మా తన కంచం ముందుకు జరిపింది.

"అమ్మా, నాకేదీ?"

"నీకు పడదుమే. డాక్టరు చెప్పినాడు గదా."

"రెండ్రోజులే గదా చెప్పినాడు. నేను విన్నా."

"రెండ్రోజులు కాదు. నీకు గుడ్డే పడదు. కొంతమంది ఒళ్ళు అట్టనే ఉంటది."

"తింటే ఏమవద్ది?"

"మళ్ళా లేస్తాయి. ఈసారి ఇంకా ఎక్కువ లేస్తాయి. సూది ఏస్తారు."

అది తన చెయ్యి చూసుకుంది. మోచేతి దగ్గర ఇంకా కొంచెం మచ్చ ఉంది. దాన్ని వేలితో రుద్దింది. తర్వాత కంచం వెనక్కి లాక్కుని, పులుసు కలుపుకుని తినేసింది.

నేను మనసులో ముందే అనుకుని అన్న మాట కాదు. అలా నోట్లోంచి వచ్చేసింది. అలా అని సర్దుకుందామని చూస్తాను అప్పుడప్పుడు. కానీ వచ్చేసిన మాటను మర్నాడు వెనక్కి తీసుకోవచ్చుగా? ఆ తర్వాత ఆదివారం? ఆ తర్వాత ఆదివారం? తీసుకోలేదు. ఎందుకంటే ఇంట్లో గొడవ ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పనా? పిల్ల అడగడం మానేసింది. గుడ్డు వేసినప్పుడల్లా అది ఏమడుగుతుందోనని చూసేదాన్ని, అదీ పోయింది. తినేవాళ్ళు ముగ్గురు పోయి ఇద్దరయ్యేసరికి ఆరు గుడ్లూ సులువుగా సర్దుకున్నాయి. ఆ హాయి రుచి మరిగాను నేను.

మా ఆయనకు కూడా అదే చెప్పాను, పిల్లకు గుడ్డు పడదట అని. ఆయన తల ఎత్తి, "పడదా? సరేలే అయితే" అన్నాడు. ఆ "సరేలే"లో ఉన్న తేలిక నాకు వినబడింది. దూది దుమ్ము సంగతి ఆయనకు తెలుసు. తనకు వచ్చిన దద్దులేగా. ఒక్కమాట అడగొచ్చు. అడగలేదు. నాలుగో గుడ్డు తన కంచంలోకి వచ్చినా ఎక్కడి నుంచి వచ్చిందని అడగలేదు. ఇద్దరం కలిసే చేశామని నేనంటే ఇప్పుడు ఒప్పుకోడు. మనిషి మంచివాడే. మంచివాళ్ళ కళ్ళు వాళ్ళకు కావలసిన చోట మూసుకుంటాయి.

పిల్లలు వింతగా ఉంటారు. ఏడాది తిరిగేసరికి రేష్మాకు అదొక గొప్పయిపోయింది. "నాకు గుడ్డు పడదు" అని స్నేహితులతో బడాయిగా చెప్పుకునేది, తనకే ఉన్న ఏదో ప్రత్యేకమైన సంగతిలాగా. బళ్ళో మధ్యాహ్నం భోజనంలో గుడ్డు పెట్టేవాళ్ళు. ఉచితంగా. నా డబ్బు కాదు, నా అంగడి సంచిలోది కాదు. అదీ తినలేదు. పక్క పిల్లకు ఇచ్చేసేది. ఆ సంగతి ఒకరోజు మాటల్లో నాకు తెలిసింది. అప్పుడన్నా నోరు తెరిచి, బళ్ళో గుడ్డు తినవే, ఏమీ కాదు అని చెప్పాలా వద్దా? తల్లినైతే చెప్పాలి. నేనేం చెప్పానో వినండి.

"వాళ్ళకీ వీళ్ళకీ ఎందుకు ఇస్తావుమే? డబ్బాలో పెట్టుకోని ఇంటికి తీసకరా. తమ్ముడు తింటాడు."

అది తెచ్చింది. రెండో తరగతి నుంచి ఐదో తరగతి అయ్యేదాకా, బళ్ళో గుడ్డు పెట్టిన రోజల్లా స్టీలు డబ్బాలో గుడ్డు పెట్టుకుని తెచ్చింది. పగలకుండా చుట్టూ అన్నం మెతుకులు పేర్చి మరీ తెచ్చేది.

తర్వాత మాకు రోజులు మారాయి. మా ఆయన మోపెడు తిరగడం మానేసి నెల్లూరులో ఒక పరుపుల అంగట్లో పనికి చేరాడు. నెల జీతం. నేను దిండు గలీబులు కుట్టడం మొదలుపెట్టాను. ఆరు గుడ్లు పోయి ట్రే వచ్చింది ఇంట్లోకి. ముప్పై గుడ్లు వరసలుగా. రేష్మా వాటిని కడిగేది, ఉడకబెట్టేది, మా అందరికీ ఒలిచి వేసేది. తను మాత్రం పప్పు వేసుకునేది. అది తన వేళ్ళతో గుడ్డు ఒలుస్తూ ఉంటే నేను చూడలేక వేరే పని పెట్టుకునేదాన్ని.

నన్ను నేను ఎక్కువగా తిట్టుకునేది ఇక్కడే. లేని రోజుల్లో చెప్పిన అబద్ధాన్ని లేమి మీదికి నెట్టొచ్చు. ఉన్న రోజుల్లో ఎందుకు ఆపలేదు? ఏం అడ్డొచ్చింది? నేనే అడ్డొచ్చాను. "నీకు పడుతుంది" అని చెప్పాలంటే "నేను అబద్ధం చెప్పాను" అని కూడా చెప్పాలి. ఒకటి చెప్పి ఇంకోటి దాచే దారి కోసం చూశాను. పెద్దయితే పోతుందట, ఒకసారి తిని చూడు అందామనుకున్నాను. ఒకసారి అన్నాను కూడా. "వద్దులేమ్మా, ఎందుకు లేనిపోంది" అంది. భయం దాని కళ్ళలో కనిపించింది. ఆ భయాన్ని పెట్టింది నేను. నేను పెట్టింది నేనే తియ్యలేకపోయాను.

అది పొట్టిగా, పాలిపోయినట్టు పెరిగింది. బాజీ వాళ్ళ నాయన భుజం దాటిపోయాడు. ఆడపిల్ల కదా అలాగే ఉంటుందిలే అన్నారు అందరూ. నేనూ అన్నాను. నేను ఆ మాట అన్నాను!

పెళ్ళి కుదిరినప్పుడు దాని అత్తకు నేనే చెప్పాను. "మా పిల్లకి గుడ్డు పడదు వదినా. కొంచెం చూసుకోండి." ఎంత శ్రద్ధగల తల్లో చూడండి. ఆమె పాపం ఇంట్లో గుడ్డు వండిన రోజల్లా కోడలికి వేరే కూర చేసిపెట్టేది. కొంచెం సణుక్కునేదట. సణగదా మరి?

మొన్న చలికాలంలో రేష్మా ఐదో నెలతో మా ఇంటికొచ్చింది. నెల్లూరులో ఆస్పత్రికి తీసుకుపోయాను. రక్తం పరీక్ష చేసి, బాగా తక్కువుందని చెప్పింది డాక్టరమ్మ. చిన్న వయసే ఆమెది. మాత్రలు రాసి, "రోజుకో గుడ్డు తప్పకుండా తినాలి" అంది.

"నాకు పడదు మేడం" అంది రేష్మా.

"పడదంటే? తింటే ఏమవుతుంది?"

రేష్మాకు తెలియదు. ఇరవై రెండేళ్ళ పిల్లకు, గుడ్డు తింటే తనకేమవుతుందో తెలియదు. నా వైపు తిరిగింది.

"ఏమవద్దమ్మా నాకు?"

అదీ ఆ ప్రశ్న. దాని ఒంట్లో ఏముందో దానికి తెలియదు, నాకు తెలుసని నమ్ముతోంది. డాక్టరమ్మ కలం పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది. బయట నంబర్లు పిలుస్తున్నారు. ఒక్క మాట. "ఏమీ కాదు మేడం" అంటే సరిపోయేది. పదహారేళ్ళ తర్వాత దేవుడు ఆ మాట నా నాలుక మీద పెట్టి మరీ ఇచ్చాడు. నేనేమన్నానో తెలుసా?

"ఒళ్ళంతా దద్దులొస్తాయి మేడం. మొహం గూడా వాచిపోద్ది."

మొహం ఎప్పుడూ వాయలేదు. అది అక్కడికక్కడ కొత్తగా కల్పించాను. డాక్టరమ్మ కార్డు మీద ఎర్ర కలంతో పెద్దగా రాసుకుంది. కడుపులో ఉన్న బిడ్డ నోటి ముందునుంచి కూడా తీసేశాను నేను.

ఆటోలో తిరిగొస్తూ ఉంటే నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందంటే, పక్కన కూర్చున్న రేష్మా మీద అరిచాను. చున్నీ సరిగ్గా వేసుకోలేదని, ఆటో అబ్బాయికి చిల్లర తీసి ఉంచలేదని. అది నా చెయ్యి పట్టుకుని, "రక్తం తక్కువుందని భయపడతాండావా? ఏం గాదులేమ్మా" అంది.

మర్నాడు పొద్దున అది వసారాలో కూర్చుని పెసలు ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. చెప్పాను. దూది కుప్ప, డాక్టరు చెప్పిన రెండు రోజులు, ఆరు గుడ్లు, అంతా. తల ఎత్తకుండా చెప్పాను. నీకేమీ లేదు, ఎప్పుడూ లేదు, నేను అబద్ధమాడాను అని చెప్పాను.

చేటలో దాని చెయ్యి అలాగే ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. లేచి లోపలికి పోయి గుడ్డు ఉడకబెట్టుకుంది. ఒలుచుకుని, ఉప్పు అద్దుకుని, కొంచెం కొంచెంగా తింది. తిన్నాక రెండు చేతులూ ఒళ్ళో చాపుకుని, చేతులు చూసుకుంటూ కూర్చుంది. వంట చేస్తూ వచ్చి చూశాను, అలాగే కూర్చుని ఉంది. నీళ్ళు పట్టి వచ్చి చూశాను, చూసుకుంటూనే ఉంది. దాని ఒళ్ళు నా మాటను ఇంకా నమ్ముతోంది. సాయంత్రం అయ్యాక, "ఏమీ రాలేదమ్మా" అంది. ఆ గొంతులో ఆశ్చర్యముందే, అది నన్ను చంపేసింది.

అప్పుడు నా పక్కన చేరి అన్నది ఇది.

"పోనీలేమ్మా. నువ్వు మాత్రం తిన్నావా? నేను చూడలేదా? మా అందరికీ పెట్టి నువ్వు కుండ అడుగున మిగిలిందే గదా తినింది. ఒక్క గుడ్డన్నా ముట్టుకున్నావా? మా కోసం చేసినావు. నాకేం కోపం లేదు."

క్షమించేసింది. పైగా ఏడ్చింది, నా కోసం. ఆ వారంలో బాజీకి ఫోన్ చేసి చెప్పింది, అత్తకు చెప్పింది, మొగుడికి చెప్పింది. మా అమ్మ ఎంత కష్టపడిందో తెలుసా, తను తినకుండా మమ్మల్ని పెంచింది అని. నా అబద్ధం నాకొక పతకమై కూర్చుంది. బాజీ పని చేసే ఊరినుంచి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, "అంత కష్టం పడ్డావా అమ్మా" అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఎందుకో వాడికేం తెలుసు?

రంజాన్ నెలలో మసీదు మైకులో హజ్రత్ చెబుతుంటే విన్నాను. దేవుడికి చేసిన తప్పును దేవుడు మాఫీ చేస్తాడు, మనిషికి చేసిన తప్పును మాత్రం ఆ మనిషే మాఫీ చెయ్యాలి అన్నాడు. నా కూతురు మాఫీ చేసింది కదా, నాకింక ఏం భయం? కానీ అది మాఫీ చేసింది ఎవరిని? పస్తులుండి పిల్లలకు పెట్టిన ఒక తల్లిని. అటువంటి మనిషి మా ఇంట్లో లేదు.

ఇక రెండోది చెప్పాలి. చెప్పకుండా ఇక్కడిదాకా ఎన్ని మాటలు రాశానో చూడండి.

రేష్మా బళ్ళోంచి తెచ్చిన ఆ గుడ్లు. బాజీ తింటాడని చెప్పి తెప్పించుకున్న గుడ్లు. బాజీ తినలేదు.

మొదటిరోజు వాడి కోసమే తీసిపెట్టాను. వాడు సాయంత్రాలు మసీదుకు అరబ్బీ పాఠానికి పోయేవాడు. రేష్మా డబ్బా నా చేతికిచ్చి ఆడుకోవడానికి పరిగెత్తింది. ఇంట్లో ఎవరూ లేరు. మధ్యాహ్నం నేను తిన్నది చారు నీళ్ళు, మాడు అన్నం. మూత తీశాను. మెతుకుల మధ్య తెల్లగా ఉంది గుడ్డు. తలుపు వెనక్కి పోయి, నిలబడే ఒలుచుకుని, రెండు ముక్కల్లో మింగేశాను. పెంకు పొయ్యిలో వేస్తే వాసన వస్తుందని చెత్తబుట్ట అడుగున కుక్కాను. మూతి తుడుచుకున్నాను.

ఒక్కరోజైతే ఆకలి అనుకోండి. కానీ ఆ రోజునుంచి బళ్ళో గుడ్డు పెట్టే రోజులు నాకు గుర్తుండేవి. పొద్దున్నే లేస్తూనే గుర్తొచ్చేది, ఇవాళ గుడ్డొస్తుందని. అది వచ్చే వేళకు గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. బిడ్డ కోసం ఎదురుచూస్తున్నానని అనుకునేవాళ్ళు చూసినవాళ్ళు. ఎప్పుడన్నా ఒకసారి బాజీకి సగం పెట్టి ఉంటాను. ఎక్కువ నేనే తిన్నాను. మూడు నాలుగేళ్ళు తిన్నాను. రుచిగా ఉండేది. ఇదీ చెప్పాలి కదా? ఏడుస్తూ తినలేదు. ఇష్టంగా తిన్నాను. ఉప్పు, కారం కలిపి చీరకొంగులో ముందే మూటకట్టుకుని ఉంచుకున్న రోజులు కూడా ఉన్నాయి.

మా ఆయన గుడ్డు తగ్గించి నేను తినలేకపోయాను. ఆయన అడుగుతాడు. బాజీది తీసుకోలేకపోయాను. వాడు ఏడుస్తాడు. నాక్కూడా ఆకలేస్తుందని ఆ ఇంట్లో నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఎదురు చెప్పలేనిది ఒక్కతే ఉంది ఇంట్లో. దాని నోరు నేను అప్పటికే మూసేశాను. అందుకని దాని దగ్గర తీసుకున్నాను.

ఆటలాడి వచ్చాక అది ప్రతిసారీ అడిగేది.

"తమ్ముడు తిన్నాడా అమ్మా?"

"తిన్నాడు."

ముఖం విచ్చుకునేది దానికి. తను తినలేనిది తమ్ముడు తిన్నాడని సంతోషం. ఒకసారి నా ఎదుటే వాడిని అడిగింది, "గుడ్డు బాగుండాదా రా?" అని. వాడు మధ్యాహ్నం తను తిన్న గుడ్డు సంగతి అనుకున్నాడేమో, "ఆ" అని పరిగెత్తాడు. నేను బతికిపోయాను. బతికిపోయాననే అనుకున్నాను అప్పుడు.

ఇది రేష్మాకు తెలియదు. చెబితే ఏమవుతుంది? క్షమించకపోవచ్చు. క్షమించకపోతే అదే న్యాయం. ఇంకా ఘోరం ఏమిటంటే దీన్ని కూడా క్షమించేస్తుందేమో. "పోనీలేమ్మా, ఆకలేసి తిన్నావు" అంటుందేమో. అది అలా అంటుందనే నా భయం. దాని మంచితనం మీద కూడా నాకు కోపంగా ఉంది. అంత మంచిదాన్ని చెయ్యడానికి నేనేం చేశానో నాకు తెలుసు కాబట్టి.

ఇప్పుడు దానికి ఎనిమిదో నెల. రోజూ గుడ్డు తింటోంది. రక్తం కొంచెం పెరిగిందట. పొద్దున ఫోన్ చేసి చెప్పింది. బాగుంది అన్నాను. ఇంకేం అనగలను?

మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు. అది మీ చేతిలో లేదు, నేను అడగడమూ లేదు. త్యాగం చేసిన తల్లి అని నా గురించి ఎవరన్నా మీ ముందు చెబితే మాత్రం నమ్మకండి. నా బిడ్డను నమ్మించి, దాని నోటి దగ్గరిది దాని చేతులతోనే తెప్పించుకుని, తలుపు వెనక నిలబడి తిన్నాను నేను. ఈ మాట ఇంతవరకు నా నోటితో అనలేదు, నా మనసులో కూడా ఇంత వరసగా అనుకోలేదు. రాసేశాను. రాసిన అక్షరాలు చెరిపెయ్యాలని లేదు.